ఫ్రాన్స్ క్రెమాన్‌కీ మా దర్శి మిర్చికీ ఉన్న చుట్టరికం

ఈరోజు ఎపిసోడ్ ఒక ఫ్రెంచ్ వైన్ గురించి. ముందే ఒక మాట. మన ఏపీలో మద్యానికి 21 ఏళ్లు నిండాలి. నిండనివాళ్లు దీన్ని ఒక పేరు కథలా వినండి. నిండినవాళ్లు కూడా ఇది తాగమని చెప్పే వీడియో కాదని గుర్తుపెట్టుకోండి. ఒక వస్తువును పేరు చూసి కాకుండా రుచి చూసి ఎలా అంచనా వేయాలో చెప్పే వీడియో ఇది.

కథ మా ఇంటి దగ్గర మొదలవుతుంది. మాది ప్రకాశం జిల్లా, దర్శి వైపు పల్లె. నాన్న మిర్చి వేస్తాడు. కాయ కల్లంలో ఎండాక టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి తీసుకెళ్తాం. అక్కడి నుంచి బయటికెళ్లే మిర్చిని ఊళ్లో, దేశంలో, విదేశంలో అందరూ 'గుంటూరు మిర్చి' అనే అంటారు. మా ఊరి పేరు ఎక్కడా ఉండదు. "పేరు గుంటూరుది, చెమట మనది" అంటాడు నాన్న. కోపంగా కాదు, నవ్వుతూనే. కానీ ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది.

మొన్న సంక్రాంతికి మా పిన్ని కొడుకు తులూజ్ నుంచి వచ్చాడు. అక్కడ చదువుకుంటున్నాడు. బ్యాగులోంచి ఒక బాటిల్ తీశాడు. తీగ చుట్టిన బిరడా, మెడకి మెరిసే రేకు. "షాంపేనా?" అన్నాను. "కాదన్నా, క్రెమాన్. లిమూ అనే ఊరిది. అదే పద్ధతిలో చేస్తారు, కానీ షాంపేన్ అనే పేరు పెట్టుకోకూడదు" అన్నాడు. ఆ మాటతో నాకు నాన్న గుర్తొచ్చాడు.

సరే, ఆ పద్ధతి ఏంటో చూద్దాం. గోలీసోడాలో గ్యాస్ బయటి నుంచి ఎక్కిస్తారు. కల్లులో అలా కాదు. ముంతలోని ఈస్ట్ తీపిని తింటూ పోతే నురగ దానంతట అదే పుడుతుంది. క్రెమాన్ కల్లు దారిలోది. ముందు మామూలు వైన్ తయారుచేస్తారు. దాన్ని బాటిల్లో పోసి, లీటరుకు సుమారు 20 నుంచి 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది. పుట్టిన గ్యాస్‌కి బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. పని అయిపోయిన ఈస్ట్ అడుగున మడ్డిగా చేరుతుంది. ఆ మడ్డి మీద నెలల తరబడి ఉంచితేనే బన్ను వాసన, బేకరీ రుచి వస్తాయి. చివర్లో బాటిల్‌ని తలకిందులు చేసి మడ్డిని మెడలోకి దించి తీసేస్తారు.

షాంపేన్‌దీ ఇదే పద్ధతి. మరి తేడా ఎక్కడ? మొదటిది, ఊరు. ఫ్రాన్స్ ఈశాన్యంలో ఉన్న షాంపేన్ ప్రాంతపు ద్రాక్షతో, అక్కడే చేసినదానికే ఆ పేరు. 1936 నుంచి దానికి చట్టరక్షణ ఉంది. రెండోది, నేల, చలి. అక్కడ సుద్దనేల ఎక్కువ, ఎండ తక్కువ, అందుకే పులుపు పదునుగా ఉంటుంది. మూడోది, కాలం. మామూలు షాంపేన్‌ని కనీసం 15 నెలలు ఉంచాకే అమ్మాలి. క్రెమాన్‌కి 12 నెలలు, అందులో మడ్డి మీద కనీసం 9. అంటే షాంపేన్ గొప్పతనం ఒట్టి పేరే అనుకోకండి. తేడాలు నిజంగానే ఉన్నాయి. కానీ ధరలో కనిపించేంత తేడా నాలుకకి ప్రతిసారీ తెలియదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఉంది. బయటి ప్రాంతాలవాళ్లు ఒకప్పుడు లేబుల్ మీద 'షాంపేన్ పద్ధతి' అని రాసుకునేవాళ్లు. 1994 నుంచి యూరప్‌లో అది కుదరదన్నారు. అయితే అప్పటికే వాళ్ల దగ్గర సొంత పేరు ఉంది. క్రెమాన్ అంటే మీగడలాంటి నురగ ఉన్నది అని అర్థం. 1975లో లువార్, బర్గండీ, 1976లో అల్సాస్ ఈ పేరుతో గుర్తింపు తెచ్చుకున్నాయి. తర్వాత లిమూ, బోర్డో, దీ, జురా, సవోయ్ కూడా వచ్చి చేరాయి. మొత్తం ఎనిమిది. నియమాలు కూడా గట్టివే. ద్రాక్ష చేత్తోనే కోయాలి. 150 కిలోల నుంచి 100 లీటర్ల రసమే తీయాలి, అంతకు మించి పిండకూడదు.

మా తమ్ముడు తెచ్చిన లిమూ సంగతి ఇంకా తమాషా. వాళ్లు తమ బుడగల వైన్ పుట్టిన ఏడాది 1531 అని చెప్పుకుంటారు. షాంపేన్ పేరు చెప్పగానే అందరూ తలుచుకునే దోమ్ పెరిన్యోన్ తన మఠానికి వచ్చింది 1668లో!

ఇప్పుడు రుచి చూసే పని. బాటిల్‌ని బాగా చల్లబరచాలి, 6 నుంచి 10 డిగ్రీలు. లోపల ఒత్తిడి కారు టైరు గాలికి సుమారు రెండింతలు ఉంటుంది. అందుకే ఎవరి ముఖం వైపూ పెట్టకండి. తీగ విప్పినప్పటి నుంచీ బిరడాని అరచేత్తో గట్టిగా పట్టుకుని, బిరడాని కాకుండా బాటిల్‌ని మెల్లగా తిప్పండి. ఢామ్మని పేలితే సినిమాలో బాగుంటుంది, గ్లాసులోకి మాత్రం సగమే వస్తుంది. నేను చేసింది అదే. చల్లబడకముందే తీశాను, పావు బాటిల్ మేడ మీద పాలైంది.

తర్వాత యార్డులో కొనేవాళ్లని గుర్తుచేసుకోండి. టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి ముందు రంగు చూస్తారు. ఊపి గింజ చప్పుడు వింటారు. తుంచి వాసన చూస్తారు. తాలు ఎంత ఉందో చూస్తారు. అప్పుడు ధర చెబుతారు. ఇక్కడా అంతే, ముందు కన్ను. బుడగలు దారంలా పైకి లేస్తున్నాయా? ఆ దారాలు ఎక్కడి నుంచో తెలుసా? ఎక్కువగా గ్లాసుకి అంటుకున్న సన్నని పోగుల నుంచి. తుడిచిన గుడ్డ నుంచో గాలిలోంచో వచ్చిన పత్తి పోగులాంటివి! పత్తి పండించే మనకి ఇది తెలియకపోతే ఎలా? సబ్బు మిగిలితే మాత్రం నురగ నిలవదు, గ్లాసు బాగా కడగండి.

తర్వాత ముక్కు. లిమూలో నాకు ఆపిల్ తొక్క, నిమ్మ, ఆ వెనక వేడి బన్ను తగిలాయి. మీకు ఇంకేదైనా తగిలితే అది తప్పు కాదు. ఆ తర్వాత నాలుక. చిన్న గుక్క తీసుకుని ఒక్క క్షణం నోట్లో ఉంచండి. బుడగ మెత్తగా ఉందా, గరుకుగా ఉందా? పులుపు నోరూరిస్తోందా? మింగాక రుచి ఎంతసేపు నిలిచింది? లేబుల్ మీద 'బ్రూట్' అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర, అంటే తీపి తక్కువ. 'దెమీ సెక్' అంటే 32 నుంచి 50, బాగా తీపి.

ఇక మంచింగ్. మేం చేసిన రెండో తప్పు, మా మిర్చి కారంతో అమ్మ చేసిన కోడి వేపుడు పక్కన పెట్టుకోవడం. ఆల్కహాల్ కారం మంటని పెంచుతుంది, బుడగలు నోటిని ఇంకా గిల్లుతాయి. ఇద్దరం పెరుగు గిన్నె కోసం కిందికి పరిగెత్తాం. బ్రూట్ పక్కన ఉప్పు వేసి వేయించిన వేటపాలెం జీడిపప్పు, కారం తగ్గించిన జంతికలు బాగా కుదురుతాయి.

ఆ సాయంత్రం నాన్న పైకి వచ్చాడు. తాగలేదు కానీ కథంతా విన్నాడు. "అయితే వాళ్లు పక్కూరి పేరు కోసం కొట్లాడుతూ కూర్చోలేదన్నమాట" అన్నాడు.

అవును. గుంటూరు సన్నం మిర్చికి జీఐ గుర్తింపు ఉంది, ఉండాలి కూడా. అది రైతుకి రక్షణే. ఆ సన్నం మా ప్రకాశంలోనూ పండుతుంది, కాబట్టి ఆ పేరులో మాకూ వాటా ఉంది. కానీ మా నేల కాయకి తనదైన రుచి ఉందంటే, దాన్ని మేమే తేల్చుకోవాలి. ఏ రకం, ఎలా ఎండబెట్టాలి, తాలు ఎంత దాటకూడదు అని మేమే గట్టి నియమాలు రాసుకోవాలి. క్రెమాన్ వాళ్లకి పేరొక్కటే అన్నం పెట్టలేదు. ఆ పేరు వెనక నిలబడిన నియమాలు పెట్టాయి.

ఈసారి కోత అయ్యాక మా కాయ, గుంటూరు పక్క కాయ, ఖమ్మం కాయ మూడూ పేర్లు చెప్పకుండా పళ్లెంలో పెట్టి నాన్నకి ఇస్తాను. ఆయన ఏది పట్టుకుంటాడో ఆ వీడియోలో చూద్దాం. అప్పటిదాకా సెలవు, ఉంటాను ఫ్రెండ్స్.