పాత కారు కొని క్రొత్త కారు కట్టుట

సంతకు ఎద్దును కొనబోయిన రైతు దాని మెడలోని మువ్వలను జూచి ధర పలుకడు. నోరు తెరచి పండ్లు చూచును. గిట్టలు తట్టి చూచును. నాలుగడుగులు నడిపించి, నమ్మకము చాలనిచో కాడికి కట్టి చూచును. కొమ్ములకు పూసిన రంగు దుక్కికి పనికిరాదని ఆతడెరుగును. మా యొద్ద చదివిన పూర్వవిద్యార్థి యొకడు ఇంగ్లండునుండి వ్రాసిన జాబును చదువుచుండగా మాకు ఆ సంత జ్ఞప్తికి వచ్చినది.

ఆతడు అచ్చట ఉద్యోగము చేసికొనుచు, పదునాలుగేండ్ల కుమారునితో గలసి, ఇంటి వెనుక షెడ్డులో ఇద్దరు కూర్చుండదగిన చిన్న కారును స్వహస్తములతో కట్ట సంకల్పించెను. అందులకై మూడేండ్లు సొమ్ము కూడబెట్టెను. అయితే క్రొత్త కారు కట్టుటకు ముందుగా ఒక పాత కారును కొనవలసివచ్చెను. “నేను కొనబోవునది కారు కాదు, మాస్టరుగారూ, కారు కడుపులోని సామాను” అని ఆతడు వ్రాసెను. ఈ జాబును తరగతిలో చదివి వినిపింపగా, క్రొత్తది కట్టువాడు పాతదానిని ఏల కొనవలెనని మన విద్యార్థులు పలువురు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు ఇచ్చట సమాధానము వ్రాయుచున్నాము.

ఇంగ్లండులో కారును విడిభాగములుగా కొని ఇంటిలో బిగించుకొను ఆచారము చాలకాలమునుండి కలదు. ఇట్టి విడిభాగముల కట్టను కిట్టు అందురు. 1957లో కోలిన్ చాప్మన్ గారి లోటస్ సంస్థ ‘సెవెన్’ అను మిక్కిలి తేలికయైన కారును వెలువరించి, దానిని కిట్టు రూపమున గూడ అమ్మెను. పూర్తిగా తయారైన కారుపై ఆనాడు కొనుగోలు పన్ను ఉండెడిది. విడిభాగములపై ఆ పన్ను లేదు. కాబట్టి స్వల్పాదాయము గల యువకులకు గూడ అట్టి బండి అందుబాటులోనికి వచ్చెను. 1973లో ఆ పన్ను పోయి విలువపై విధించు పన్ను వచ్చినది. ఆ సంవత్సరమే ‘సెవెన్’ కారును తయారుచేయు హక్కులు కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించినవి. పన్నులోని లాభము తీరినను, తన చేతులతో కట్టుకొనవలెనను కోరిక తీరలేదు.

సాధారణముగా కిట్టులో వచ్చునవి ఇనుప గొట్టముల చట్రము, దేహపు రేకులు, మరికొన్ని ప్రత్యేక భాగములు. మిగిలిన ఇంజను, గేరుబాక్సు, వెనుక చక్రములకు శక్తిని పంచు డిఫరెన్షియలు, చక్రముల హబ్బులు, స్టీరింగు, బ్రేకులు, విద్యుత్తు తీగెలు మున్నగునవి వేరుగా సంపాదింపవలెను. వీనిని ఒక్కొక్కటిగా కొన్నచో ఖర్చు పెరుగును. ఒక కారు ముక్క మరియొక కారు ముక్కతో పొసగక చిక్కులు కలుగును. ఒకే పాత కారును కొని విప్పినచో అన్నియు ఒకదానికొకటి అమరినవియే దొరకును. ఇట్లు తన అవయవములనిచ్చు కారును అచ్చటివారు డోనరు కారు, అనగా దాత యగు కారు, అందురు.

ఈ పద్ధతిని సామాన్యులకు మరింత దగ్గర చేసినవారు రాన్ చాంపియన్ గారు. 250 పౌండ్ల స్వల్పవ్యయముతో క్రీడాకారును కట్టుకొను విధమును దెలుపు గ్రంథమును వారు 1996లో ప్రకటించిరి. ఒక అంగుళపు చదరపు ఇనుప గొట్టములను కోసి, అతికి, చట్రమును గూడ ఇంటనే చేసికొనుటయు, పాత ఫోర్డు ఎస్కార్టు కారునుండి తక్కిన భాగములను గ్రహించుటయు అందలి మార్గము. ఈ నమూనాకు బీజము ఇంగ్లండులోని ఔండిల్ పాఠశాలలో బాలురకు యంత్రవిద్య నేర్పు ప్రయత్నములో నున్నదను సంగతి మావంటి ఉపాధ్యాయులకు ఆనందదాయకము.

ఇక దాత కారును ఎన్నుకొను విధము. ఇందు మొదటి నియమము, కిట్టు నిర్ణయింపబడక మునుపు పాత కారును కొనరాదు. పెండ్లికొడుకు కుదరక ముందే పందిరి వేయువాడెవడు? సెవెన్ తరగతి కారులలో ఇంజను ముందును, శక్తి వెనుక చక్రములకును ఉండును. కాబట్టి దాతయు అట్టిదే కావలెను. ఎస్కార్టు కారు 1968 మొదలు 1980 వరకు ఈ పద్ధతిలోనే యుండెను. 1980లో వచ్చిన మూడవ నమూనాలో శక్తి ముందు చక్రములకు మారినది. పేరొక్కటే, లోపలి అమరిక వేరు. పేరును నమ్మి క్రొత్త ఎస్కార్టును కొన్నవాని శ్రమ వృథా. పాత ఎస్కార్టులు అరుదై వెల పెరుగగా కట్టువారు 1982లో వచ్చిన ఫోర్డు సియెరా వైపునకును, తరువాత 1989లో వెలువడిన మాజ్డా ఎమ్.ఎక్స్-5 వైపునకును మరలిరి. మన పూర్వవిద్యార్థి ఎన్నుకొన్న కిట్టు ఈ కడపటి కారుకు తగినది.

ఆతడు మొదట చూడబోయిన కారు ఎఱ్ఱనిది, అద్దమువలె మెఱయుచుండెను. అమ్మువాడు మంచి మాటకారి. సొమ్ము మన వాని జేబులోనే యుండెను. ఇచ్చివేయుటకు చేయి గూడ కదలినదని ఆతడే ఒప్పుకొన్నాడు. అంతలో కుమారుడు బానెట్టుమీద అరచేయి మోపి, “నాన్నా, ఇది వేడిగా నున్నదే!” అనెను. వీరు వచ్చుటకు ముందే ఇంజనును నడిపి వేడిచేసియుంచిరి. చల్లని ఇంజను మొదలుపెట్టునపుడే దాని దోషములు బయటపడును: కష్టముగా అంటుకొనుట, తొలి నిమిషపు పొగ, లోపలి టకటకలు. వేడెక్కినపిమ్మట అందు పెక్కు మరుగుపడును. మరునాటి ఉదయము చల్లగా నుండగా చూచెదమని వీరనిరి. అమ్మువాడు కోపించి, వేరొకరు సొమ్ముతో వచ్చుచున్నారని చెప్పెను. తండ్రీకొడుకులు వట్టి చేతులతో ఇల్లు చేరిరి. ఆ కారు లోపల మంచిదో చెడ్డదో నేటికిని వారికి తెలియదు. తెలిసికొననీయని వానియొద్ద కొనకుండుటయే అందలి వివేకము.

చల్లని ఇంజనును మొదలుపెట్టించిన పిదప పొగగొట్టమును చూడవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె మండుచున్నదనుట. తెల్లని పొగ ఎంతకును ఆగక, రేడియేటరులోని నీరు తగ్గుచుండినచో ఇంజను తలక్రింది గాస్కెట్టు చెడినదని శంకింపవలెను. నూనె మూత విప్పి చూడగా మీగడవంటి నురుగు కనబడినచో నీరు నూనెలో కలిసియుండవచ్చును. కొద్దిదూరములే తిరుగు కారులో ఆవిరివలన గూడ కొంత నురుగు పట్టును గనుక, ఈ ఒక్క గురుతుతోనే తీర్పు చెప్పరాదు. ప్రతి సిలిండరు ఎంత ఒత్తిడి పుట్టించుచున్నదో కొలుచు చిన్న గడియారము కలదు. నాలుగింటి లెక్కలును ఇంచుమించు సమానముగా నుండవలెను. ఒకటి తక్కినవానికంటె పదింట నొకవంతు మించి తగ్గినచో కారణము వెదుకవలెను. గేరు మార్చునపుడు గరగర ధ్వనియు, పరుగులో వెనుకనుండి ఈల వంటి కూతయు వచ్చినచో గేరుబాక్సును డిఫరెన్షియలును అరిగినవని అనుమానింపదగును.

వీరు రెండవ పర్యాయము చూచిన కారు చూపులకు దీనముగా నుండెను. రంగు వెలిసి, తలుపుల క్రింది రేకులు తుప్పుతో చిల్లులుపడి, ఆ కారణముచేతనే ఏటేట జరుగు ఎమ్.ఓ.టి. అను పరీక్షలో తప్పినది. ఎమ్.ఎక్స్-5 కారులకు ఆ చోట తుప్పు పట్టుట సామాన్యమైన దోషము. ఆ రేకులను బాగుచేయించు ఖర్చు కారు వెలను మించును గనుక యజమాని, ఒక వృద్ధుడు, దానిని అమ్మదలచెను. రోడ్డుపై నడుపుటకు వీలు లేకపోయినను ఇంటి ముంగిటనే చల్లని ఇంజనును మొదలుపెట్టి, ముందుకు వెనుకకు నడిపి చూపెను. పొగ లేదు, లెక్కలు సమానము. ఏ సంవత్సరము నూనె మార్చెనో, ఎప్పుడు టైమింగు బెల్టు మార్చెనో తెలుపు రసీదులన్నియు ఒక అట్టలో దాచియుంచెను. మనవాడు బేరమాడక కొనెను.

ఇచ్చటనే ఈ విద్యలోని కీలకమున్నది. సామాన్యముగా కారు కొనువానికి తుప్పు శత్రువు. దాతను కొనువానికి అదియే వెలను తగ్గించు మిత్రుడు. ఏలయన తుప్పు తినిన ఆ డొల్లను ఆతడెట్లును పారవేయును. కంటికి కనబడునది పోవును, కనబడనిదే మిగులును. ఎఱ్ఱని కారు యజమాని ‘పైన పటారము’నకు వెల యడిగెను, వృద్ధుడు లోపలి ఆరోగ్యమును మాత్రమే అమ్మెను.

అయితే ‘తుప్పు మంచిది’ అని దీనిని సూత్రముగా వల్లించుట ప్రమాదము. 1964లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ గారు నిర్మించిన ‘మేయర్స్ మాంక్స్’ అను ఇసుకదిబ్బల బండి తరువాత, వోక్స్‌వాగన్ బీటిల్ కారు అడుగుపళ్లెమును కురుచచేసి దానిపైననే క్రొత్త దేహమును బిగించు కిట్టులు వ్యాపించినవి. అట్టి కిట్టుకు దాతను చూచునపుడు అడుగుపళ్లెములోని తుప్పే మొదట వెదుకదగినది. ఏ భాగమును ఉంచుకొందుమో దానిని పరీక్షింపవలెను. ఏది పారవేయుదుమో దానికి ధర చెల్లింపరాదు. సూత్రమిది యొక్కటియే.

కారు లోపలి ఆరోగ్యమువలెనే దాని కాగితముల ఆరోగ్యమును చూడవలెను. బ్రిటనులో వి5సి అను రిజిస్ట్రేషను పత్రము కారుతో నుండును. అది యాజమాన్యమునకు రుజువు కాదని ఆ పత్రముమీదనే వ్రాయబడియుండును. పత్రములోని చట్రపు సంఖ్యయు కారుపై చెక్కిన సంఖ్యయు ఒకటియేనా యని పోల్చవలెను. దొంగసొత్తును తెలియక కొన్నను అది నిజమైన యజమానికే చెందును. కొన్నవాని సొమ్ము పోవును. కారు సంఖ్యను బట్టి పూర్వపు ఎమ్.ఓ.టి. పరీక్షల వివరములను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. అందు ఏటేట నమోదైన మైళ్లు పెరుగుటకు మారుగా తరిగినచో మోసము వెల్లడియగును. కట్టిన కారు రోడ్డెక్కుటకు ముందు ఐ.వి.ఏ. అను ప్రత్యేక పరీక్షలో నెగ్గవలెను. ఏ భాగము ఎచ్చటనుండి వచ్చినదో చూపుటకు రసీదులుండవలెను. వయస్సును గాని పుట్టుకను గాని నిరూపింపలేని బండికి అచ్చట ‘క్యూ’ అక్షరముతో మొదలగు సంఖ్య నిత్తురు. అది దాని జన్మసందేహమును ఊరందరికి చాటుచుండును.

లెక్క విషయమున మరియొక మాట. దాతకు చెల్లించిన వెలయంతయు ఖర్చు కాదు. అక్కరలేని ఆసనములు, దీపములు, తలుపులు మున్నగునవి అమ్మి కొంత రాబట్టవచ్చును. కాని క్రొత్త కారు పూర్తియగు వరకు చిన్న బోల్టును గూడ పారవేయరాదు. మరియు దాతనుండి వచ్చినదంతయు వాడదగినది గాదు. బ్రేకు గొట్టములు, రబ్బరు భాగములు, అరిగిన స్టీరింగు కీళ్లు క్రొత్తవే వేయవలెను. సెవెన్ తరగతి కారు సుమారు 500 మొదలు 600 కిలోగ్రాముల బరువుండును. సాధారణమైన ఇంజనుతోనే అది చురుకుగా పరుగెత్తును. ఆ పరుగును ఆపు బ్రేకులలో పొదుపు చేయువాడు తన ప్రాణముతో బేరమాడుచున్నవాడు.

మన విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. ఇది ఆ దేశపు చట్టమునకు లోబడి జరుగు పని. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ విభాగమున, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. కాబట్టి ఈ వ్యాసము చదివి తండ్రిగారి మోటారు సైకిలును విప్పబూనవలదు! పాడైన ఇంజను నొకదానిని విప్పి, ప్రతిభాగము పేరు వ్రాసి, మరల బిగించుటకు ఏ చట్టమును అడ్డురాదు.

కడపటి జాబులో మనవాడు తమ షెడ్డు సంగతి వ్రాసినాడు. విప్పుటకు ముందు కుమారుడు ప్రతి తీగెకును చిన్న చీటి కట్టి, ఫోనులో ఛాయాచిత్రములు తీసి, ప్రతి బోల్టుల గుంపును వేరు డబ్బాలో నుంచి పేరు వ్రాసెనట. ఇంజను బల్లపై నున్నది. చట్రము గోడకు ఆనియున్నది. కారు ఇంకను కారు కాలేదు. ఇట్లు మొదలుపెట్టి సగములో విడిచిన బండ్లు ఆ దేశపు షెడ్లలో లేకపోలేదనియు, తమ బండికి ఆ గతి పట్టకుండ ప్రతి శనివారము రెండు గంటలు తప్పక పనిచేయుటకు ఇద్దరును ఒప్పందము చేసికొన్నామనియు వ్రాసినాడు.

మొదటి దినమున వేడి బానెట్టుమీద చేయి మోపిన బాలుడే యిప్పుడు చీటీలు వ్రాయుచున్నాడు. మూడేండ్ల సొమ్మును నిలిపినది ఆ చేయి. విద్యార్థులారా, పుస్తకములో చదివినదానిని చేతితో తాకి సరిచూచు అలవాటు మీకును అలవడుగాక యని కోరుచున్నాము.