కంపెనీ ఒకటే, వ్యాపారాలు ఎన్నో

ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" రెండవది "జీతమెంత?" పెళ్ళీడు పిల్లాడైతే మూడవ ప్రశ్న కూడా ఉంటుంది గానీ, దాని సంగతి తర్వాత చూద్దాం. "ఆ కంపెనీలో ఏ వ్యాపారంలో వేశారు?" అని మాత్రం ఎవరూ అడగరు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం ఏ దారిన పోతుందో తేల్చేది చాలాసార్లు ఆ ప్రశ్నే.

హోసూరు రోడ్డు మీద కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల్లో 335 ఎకరాల్లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1970ల చివర్లో ఈ పారిశ్రామిక వాడకు పునాది వేసింది. దాని అధిపతి ఆర్.కె. బాళిగా అప్పట్లో కన్న కల అది. 2010లో ఆకాశ మార్గం లాంటి రోడ్డు, 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను వచ్చాక ఊరికి దూరమన్న మాట పోయింది. బయటినుంచి చూస్తే అన్నీ అద్దాల మేడలే. లోపల జరిగే పనులు ఒక్కటి కావు.

విప్రోనే తీసుకోండి. అది పుట్టింది కంప్యూటర్లతో కాదు, వనస్పతితో. 1945 డిసెంబరులో మహారాష్ట్రలోని అమళ్నేర్‌లో వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రొడక్ట్స్ అనే పేరుతో ఎం.హెచ్. ప్రేమ్‌జీ పెట్టిన నూనె మిల్లు అది. 1966లో ఆయన కన్నుమూస్తే, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న 21 ఏళ్ళ కొడుకు అజీమ్ ప్రేమ్‌జీ చదువు ఆపి వచ్చి బాధ్యత తీసుకున్నారు. 1970ల మధ్యలో హైడ్రాలిక్ సిలిండర్లు మొదలుపెట్టారు. మట్టి తవ్వే యంత్రాల చేతిని లేపి దించే ఉక్కు గొట్టాలన్న మాట. ఐ.బి.ఎం. మన దేశం వదిలి వెళ్ళిన తర్వాత 1980ల ఆరంభంలో మినీ కంప్యూటర్లు చేశారు. ఆ దశాబ్దంలోనే సంతూర్ సబ్బు వచ్చింది. పసుపు, చందనం కలిపిన ఆ సబ్బును నెత్తిన పెట్టుకున్నది ముఖ్యంగా మన తెలుగువాళ్ళే. తర్వాత జి.ఇ.తో కలిసి వైద్య పరికరాలు, ఆ పైన దీపాలు. ఒకే పేరు కింద వంటనూనె నుంచి సాఫ్ట్‌వేర్ దాకా!

ఆ రోజుల్లో అలాంటి కంపెనీలో చేరినవాడికి ఒక వెసులుబాటు ఉండేది. ఇక్కడ కుదరకపోతే అక్కడికి మారవచ్చన్న ధీమా. 2013లో అది మారింది. సబ్బులు, దీపాలు, హైడ్రాలిక్స్, వైద్య పరికరాల వాటా అన్నీ విప్రో ఎంటర్‌ప్రైజెస్ అనే వేరే కంపెనీకి వెళ్ళాయి. సాఫ్ట్‌వేర్ ఒక్కటే పాత విప్రోలో మిగిలింది. స్టాక్ మార్కెట్లో కనిపించేది ఇదొక్కటే. మొదటిదాని షేర్లు మార్కెట్లో లేవు. పేరూ, కుటుంబమూ ఒకటే, కానీ చట్టం దృష్టిలో ఇద్దరు యజమానులు.

మా వీధిలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన కుర్రవాడొకడు ఈ తేడా తెలియకనే నా దగ్గరకు వచ్చాడు. వాడి చేతిలో రెండు కాగితాలు. ఒకటి ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్, రెండవది హిందూపురంలో హైడ్రాలిక్స్ ఫ్యాక్టరీ.

"అంకుల్, ముందు సాఫ్ట్‌వేర్‌లో చేరి, నచ్చకపోతే రెండేళ్ళ తర్వాత లోపల్లోపలే ఫ్యాక్టరీకి మారిపోతాను. గ్రూపు ఒకటే కదా" అన్నాడు.

"లోపల్లోపల అనడానికి లేదు నాయనా. ఇక్కడ రాజీనామా చేసి, అక్కడ కొత్తవాడిగా చేరాలి. నీ రెండేళ్ళ సర్వీసు లెక్కలోకి వస్తుందో రాదో అడిగావా?" అన్నాను.

అడగలేదు. ఇలాంటిది ఎవరూ అడగరు. నేను బ్యాంకులో జీతాల ఖాతాలూ గృహ రుణాలూ చూసేవాణ్ణి కనుక, ఈ ఒక్క ప్రశ్న అడగని పాపానికి గ్రాట్యుటీ పోగొట్టుకున్నవారిని ఎరుగుదును. పర్మనెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే అయిదేళ్ళ నిరంతర సర్వీసు ఉండాలి. గ్రూపులోని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారినప్పుడు "సర్వీసు కొనసాగుతుంది" అని కాగితం మీద ఉంటే ఒక లెక్క, నోటిమాటగా ఉంటే ఇంకో లెక్క. ప్రావిడెంట్ ఫండ్ అంత చిక్కు కాదు, ఒకే నంబరు మీద బదిలీ అవుతుంది.

ఇక ఏ వ్యాపారం మంచిదో బయటివాడికి తెలిసేదెలా? బ్యాంకులో అప్పు ఇచ్చే ముందు మేము చేసే పనే చేయండి. కంపెనీ వార్షిక నివేదిక తెరిచి, సెగ్మెంట్ల పట్టిక చూడండి. ఐ.టి.సి. నివేదిక తెరిస్తే సిగరెట్లు, ఆహార పదార్థాలు, వ్యవసాయం, కాగితం వేరువేరు వరుసల్లో ఉంటాయి. ఏ వరుసలో అమ్మకం ఎంత, లాభం ఎంత, పెట్టిన పెట్టుబడి ఎంత అన్నది మూడు అంకెల్లో తెలిసిపోతుంది. లాభంలో సింహభాగం నేటికీ సిగరెట్లదే. గుంటూరులో పొగాకు, మిర్చి కొనుగోళ్ళు చూసే ఉద్యోగమూ, సారపాకలో భద్రాచలం కాగితం మిల్లు ఉద్యోగమూ ఒకే కంపెనీవే అయినా, వాటి వెనుకనున్న లెక్కలు వేరు. హోటళ్ళయితే 2025 జనవరిలో వేరే కంపెనీగానే విడిపోయాయి. అన్ని నివేదికలూ ఇంత ఉపయోగపడవు. విప్రో సాఫ్ట్‌వేర్ నివేదికలో వరుసలు దేశాలవారీగా ఉంటాయి, దానివల్ల మన కుర్రవాడికి తెలిసేది తక్కువ.

లాభం లేని వరుసలోకి పోవద్దని నేననను. ఎదుగుతున్న చిన్న విభాగంలో పైకి రావడం తేలిక. కానీ ఎప్పుడైనా అమ్మేయవచ్చని తెలిసి పోవాలి. ఎలక్ట్రానిక్ సిటీలోనే ఉన్న బయోకాన్ 1978లో ఎంజైములతో మొదలైంది. ఆ ఎంజైముల వ్యాపారాన్నే 2007లో డెన్మార్క్ వారి నోవోజైమ్స్‌కు అమ్మేసింది. మూల వ్యాపారమే కదా, కదలదులే అని ఎవరైనా అనుకుని ఉంటే ఏమైంది చూడండి.

మన కామర్స్ పిల్లల మాట కూడా చెప్పాలి. ఇంజనీర్లకే ఈ వాడ అనుకుని వెనుకాడేవారు ఇంకా ఉన్నారు. ఇన్ఫోసిస్ 1994లో ఇక్కడికి వచ్చిన నాడు అది నిజమేనేమో. 2002లో ప్రోజియాన్ పేరుతో పుట్టి, ఇప్పుడు ఇన్ఫోసిస్ బి.పి.ఎం.గా ఉన్న సంస్థలో విదేశీ కంపెనీల పద్దులు, బిల్లులు చూసేది బి.కాం. చదివినవారే. అంతకంటే నాకు ఆసక్తి కలిగించేది ఫినాకిల్. మన బ్యాంకుల కౌంటరు వెనుక తెర మీద కనిపించే సాఫ్ట్‌వేర్ అది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు, మూడింటిలోనూ ఫినాకిలే ఉండటం ఎంత పని తగ్గించిందో బ్యాంకువాళ్ళకు తెలుసు. అలాంటి విభాగంలో ప్రోగ్రాము రాసేవాడు ఎంత అవసరమో, వడ్డీ ఎలా కడతారో, మొండి బాకీని ఎప్పుడు గుర్తించాలో తెలిసినవాడూ అంతే అవసరం.

మళ్ళీ మా కుర్రవాడి దగ్గరకు వస్తాను. వాళ్ళ నాన్నగారు మాత్రం సాఫ్ట్‌వేర్ పక్షమే. "ఫ్యాక్టరీ అంటే సంబంధాలు రావండీ" అన్నది ఆయన వాదన. ఇదే నేను మొదట్లో చెప్పిన మూడవ ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు, నాకూ పెళ్ళి కావలసిన పిల్లలున్నారు. కుర్రవాడితో మాత్రం రెండు పనులు చేయమన్నాను. రెండు కంపెనీల్లోనూ సర్వీసు సంగతి రాతపూర్వకంగా అడగమన్నాను. సంతకం పెట్టే ముందు ఒకసారి హిందూపురం వెళ్ళి, షిఫ్టు మారే వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చే ఇంజనీర్లను నాలుగు మాటలు అడగమన్నాను. బెంగుళూరు నుంచి రైల్లో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. శనివారం బండి ఎక్కాడు. వెంట వాళ్ళ నాన్నగారు కూడా వెళ్ళారట.