పిడుగు ఎక్కడ పడిందో మీ ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆ ఒక్క రోజే పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇంతకీ ఇన్ని వేల పిడుగుల్ని ఎలా లెక్కపెడతారు? అదే డేటా మన ఫోన్‌కి అలర్ట్‌గా ఎలా వస్తుంది? సింపుల్‌గా చూద్దాం.

ముందు ఒక క్లారిటీ: పిడుగుని పసిగట్టేది మీ ఫోన్ కాదు. మెరుపు వెలుగు, ఉరుము శబ్దంతో పాటు పిడుగు రేడియో తరంగాల్ని కూడా వదులుతుంది. వాన ముందు ఏఎం రేడియోలో వినిపించే గరగర శబ్దం అదే. ఈ తరంగాలు వందల కిలోమీటర్లు వెళ్తాయి. వాటిని పట్టుకునే సెన్సార్లు దేశమంతటా ఉన్నాయి.

ఇక అసలు లాజిక్. రేడియో తరంగం ఒక మైక్రోసెకనులో సుమారు 300 మీటర్లు వెళ్తుంది. ఒక సెన్సార్ కన్నా ఇంకో సెన్సార్‌కి సిగ్నల్ 100 మైక్రోసెకన్లు ఆలస్యంగా చేరిందంటే, పిడుగు మొదటి దానికి 30 కిలోమీటర్లు దగ్గరగా పడినట్టు. ఈ తేడాతో మ్యాప్ మీద ఒక వంపు గీత వస్తుంది. మిగతా సెన్సార్లతో కూడా ఇలాగే గీస్తే, గీతలన్నీ కలిసే చోటే పిడుగు పడిన చోటు. టైమ్‌లో ఒక్క మైక్రోసెకను తేడా వచ్చినా లొకేషన్ వందల మీటర్లు జరిగిపోతుంది. అందుకే సెన్సార్ల గడియారాల్ని జీపీఎస్‌తో సింక్ చేస్తారు.

నా ఫోన్‌లో ఉన్నది 'దామిని' యాప్. పుణెలోని ఐఐటీఎం తయారుచేసింది, ఫ్రీ. మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది, అలర్ట్ ఇస్తుంది. సరదాగా లైవ్ మ్యాప్ చూడాలంటే వాలంటీర్లు నడిపే 'బ్లిట్జార్టుంగ్' సైట్ బాగుంటుంది. కానీ అది హాబీ నెట్‌వర్క్, ప్రాణరక్షణకి దాన్ని నమ్ముకోవద్దు.

చాలామంది యాప్ వేసుకుని వదిలేస్తారు. లొకేషన్ పర్మిషన్‌ని 'ఎప్పుడూ' అని పెట్టండి. నోటిఫికేషన్లు ఆన్ చేయండి. బ్యాటరీ ఆప్టిమైజేషన్ లిస్ట్ నుంచి ఈ యాప్‌ని తీసేయండి. లేదంటే బ్యాటరీ మిగల్చడానికి ఫోనే దాన్ని నిద్రపుచ్చేస్తుంది, అసలు టైమ్‌కి అలర్ట్ రాదు.

ఫోన్ పిడుగుని ఆకర్షిస్తుందా? లేదు. ప్రమాదమంతా బయలులో, చెట్టు కింద నిలబడటంలో ఉంది. ఇంట్లో ఉన్నా, ఉరుములప్పుడు ఛార్జింగ్‌లో పెట్టిన ఫోన్ వాడకండి. కరెంటు లైన్ మీద పిడుగు పడితే ఆ దెబ్బ వైరు వెంట రావచ్చు.

మ్యాప్ మీద చుక్క అంటే ఆల్రెడీ పడిన పిడుగు. తర్వాతిది సరిగ్గా ఎక్కడ పడుతుందో ఏ యాపూ చెప్పలేదు. అందుకే నెట్ అక్కర్లేని లెక్క ఒకటి గుర్తుంచుకోండి. మెరుపు నుంచి ఉరుము దాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపు ఉరిమితే వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి.

పిడుగుపాటుకి ఎక్కువగా బలయ్యేది పొలాల్లో పనిచేసేవాళ్లు, పశువులు కాసేవాళ్లు. ఊళ్లో మీ నాన్నకో, బాబాయికో స్మార్ట్‌ఫోన్ ఉంటే యాప్ వేసి ఊరుకోకండి. ఆ మూడు సెట్టింగ్స్ కూడా మీరే మార్చి ఇవ్వండి.