ఉప్పుటేరు నీటిని ఎప్పుడు కొలవాలి? అండమాన్ విద్యార్థుల క్షేత్రాధ్యయనంలో ఆటుపోట్ల లెక్క

శ్రీ విజయపురం: దక్షిణ అండమాన్‌లోని ఏదైనా క్రీకు నీటిని పరీక్షించేందుకు బయలుదేరే విద్యార్థి బృందం ముందుగా చూసేది ఆటుపోట్ల పట్టిక. ఇక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. పోటు వేళ క్రీకులో ఉండేది చాలావరకు సముద్రపు నీరే. ఆటు వేళ మాత్రం వాగులు, మడ అడవుల బురద, ఊరి కాలువల నుంచి దిగివచ్చిన నీరు కనిపిస్తుంది. ఒకే చోట ఆరు గంటల తేడాతో ముంచిన రెండు సీసాలు రెండు వేర్వేరు నీటి కథలు చెబుతాయి.

ద్వీపాల్లో క్రీకు అనే మాటే వాడుకలో ఉన్నా, కోస్తా ఆంధ్ర పాఠకులకు దీన్ని ఉప్పుటేరు అంటే సులువుగా అర్థమవుతుంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు అనేకం. రొయ్య, పీత, గవ్వజాతి జీవులు పెరిగే ఈ నీటి మంచిచెడ్డలు వారికి పాఠ్యాంశం మాత్రమే కాదు, కూటి సంగతి కూడా. పోర్ట్ బ్లెయిర్‌గా అందరికీ పరిచితమై, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన రాజధాని నగరపు లోపలి ఖాతాల్లో మల సంబంధ బాక్టీరియా ఉన్నట్లు పరిశోధకులు గతంలోనే నమోదు చేశారు.

క్షేత్రాధ్యయనానికి సిప్పీఘాట్‌ను మించిన పాఠశాల అరుదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో రాజధాని పరిసర భూభాగం సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ అలలు వెనుదిరిగినా ఉప్పునీరు మాత్రం సిప్పీఘాట్ పొలాల్లోనే నిలిచిపోయింది. ఒకప్పుడు సాగు జరిగిన చోట నేడు ఆటుపోట్లు ఆడుతున్నాయి, నీటిపక్షులు వాలుతున్నాయి, మడ మొక్కలు వేళ్లూనుతున్నాయి. అదే భూకంపం ఉత్తర అండమాన్‌ను పైకి లేపడంతో అక్కడ కొన్ని మడ అడవులు నీరందక ఎండిపోయాయి. ఒక దీవుల వరుసలోనే ఇంత భేదం ఉన్నందున, ఒక క్రీకు ఫలితాన్ని మరొక క్రీకుకు అన్వయించడం సరికాదు.

నగర శివారు బ్రూక్షాబాద్‌లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయపు సముద్ర అధ్యయన, సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. ఆ స్థాయి విద్యార్థులకు ప్రయోగశాల అందుబాటులో ఉంటుంది. పాఠశాల పిల్లలకు థర్మామీటరు, పీహెచ్ కాగితం, లవణీయత చూపే రిఫ్రాక్టోమీటరు, నలుపు తెలుపు రంగుల సెక్కీ పళ్లెం చాలు. ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో మధ్యధరా సముద్రంలో పరీక్షించిన ఈ పళ్లేన్ని తాడుతో దించి, కనుమరుగయ్యే లోతును నమోదు చేస్తారు. 1995లో మొదలై, 2000లో భారత్ చేరిన గ్లోబ్ అంతర్జాతీయ విద్యార్థి కార్యక్రమం కూడా ఇటువంటి కొలతలనే నేర్పుతుంది.

కరిగిన ఆక్సిజన్ కొలత మరింత ఓర్పు కోరుతుంది. హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ ప్రామాణికమే. గాలి బుడగ చొరబడకుండా నింపిన సీసాలో మాంగనీస్ లవణాన్ని, క్షార అయొడైడ్‌ను ఒడ్డునే కలిపితే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువైతే రంగు అంత ముదురు. తరువాత ఆమ్లం కలిపి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి, పిండిద్రావణపు నీలిరంగు మాయమైన చోట లెక్క ఆపుతారు.

అయితే అంకె వచ్చినంత మాత్రాన తీర్పు వచ్చినట్లు కాదు. స్నానయోగ్యమైన తీరజలాల్లో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం నిర్దేశిస్తోంది. 30 డిగ్రీల వెచ్చదనంలో సముద్రపు నీరు ఇముడ్చుకోగలిగేదే సుమారు 6 మిల్లీగ్రాములు. రాత్రంతా మొక్కలు, నాచు, సూక్ష్మజీవులు శ్వాసిస్తాయి కనుక వేకువన అది మరింత తగ్గుతుంది. రాలిన ఆకులు కుళ్లే మడ అడవిలో, ఏ మురుగూ కలవకపోయినా, ఆటు వేళ తక్కువ అంకె రావచ్చు. కాబట్టి నమోదు పుస్తకంలో తేదీ పక్కన గంట, ఆటుపోట్ల స్థితి, ముందురోజు వాన వివరాలు లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ దీవుల్లో ఒక్క జడివాన క్రీకు ఎగువ కొసను మంచినీటి వాగుగా మార్చేయగలదు.

బాక్టీరియా విషయంలో మరో చిక్కు ఉంది. తాగునీటి పరీక్షకు దేశమంతటా వాడే, కలుషితమైతే నల్లబడే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాను 1982లో భారతీయ శాస్త్రవేత్తలే ప్రతిపాదించారు. బావి నీటికి అది చౌకైన, మేలైన పరీక్ష. మడ బురదలో మాత్రం సల్ఫైడ్ సహజంగానే ఉంటుంది. అక్కడి నీరు పోస్తే, మురుగుతో నిమిత్తం లేకుండానే సీసా నల్లబడవచ్చు. దాన్ని చూపి ఊరి మీద నింద వేయడం తొందరపాటే అవుతుంది. నమూనాను మంచులో పెట్టి, కొద్ది గంటల్లో ప్రయోగశాలకు చేర్చి, మల కోలీఫాంలను లెక్కించడమే సరైన దారి. స్నానజలాలకు పరిమితి 100 మిల్లీలీటర్లకు 100.

ఇక మొసళ్ల సంగతి. దక్షిణ అండమాన్ క్రీకులు ఉప్పునీటి మొసళ్లకు నివాసం. మనుషులపై అవి దాడి చేసిన ఘటనలు లేకపోలేదు. మసక నీటిలో అవి కంటపడవు. అందుకే విద్యార్థులను నీటిలోకి దింపకుండా, వంతెన మీది నుంచో ఎత్తైన గట్టు నుంచో తాడు కట్టిన పాత్రతో నీరు తోడించడం క్షేమం. మడ అడవి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, ఆ శాఖ హెచ్చరిక బోర్డులను పాటించాలి.

నీటిలోని సేంద్రియ మలినాన్ని తెలిపే బీఓడీ పరీక్షకు అయిదు రోజులు, 20 డిగ్రీలు అన్నది చల్లని దేశాల కొలమానం. భారత ప్రమాణం 27 డిగ్రీల వద్ద మూడు రోజులు. శుక్రవారం చీకటి అరలో పెట్టిన సీసాను సోమవారం తెరిచి, అందులో మిగిలిన ఆక్సిజన్‌ను మళ్లీ వింక్లర్ పద్ధతిలోనే కొలుస్తారు. లీటరుకు 3 మిల్లీగ్రాములు మించి ఖర్చయితే ఆ నీరు స్నానానికి తగినది కాదు.