తీగ చివర అరంగుళం

మా మనవరాలు పాలిసెట్ రాసింది. ర్యాంకు బాగానే వచ్చింది. ఆ సాయంత్రం రంగురంగుల కాలేజీ పుస్తకాలు నాలుగు పట్టుకొచ్చి నా పక్కన మంచం మీద పరిచింది. "తాతయ్యా, ఆఫీసుల్లో, బ్యాంకుల్లో సర్వర్లు, రూటర్లు చూసుకుంటారు కదా, నాకు ఆ పని నేర్చుకోవాలని ఉంది. ఏ కాలేజీ పెట్టమంటావు?" అనడిగింది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కేబుళ్ల మధ్య ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. కాలేజీల సంగతి నాకంటే దానికే ఎక్కువ తెలుసు. తీగ సంగతి మాత్రం నాకు తెలుసు. అందుకని ఇంట్లో మిగిలిపోయిన ఇంటర్నెట్ కేబుల్ ముక్క తెప్పించి, బ్లేడుతో పైతొక్క ఒలిచి దాని చేతిలో పెట్టాను.

లోపల ఎనిమిది తీగలు. రెండేసి చొప్పున నాలుగు జతలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులు. ఒక్కోదానికీ తెల్లచారల తోడు. ఈ రంగులన్నీ నాకు పాత చుట్టాలే. మా టెలిఫోన్ కేబుళ్లలో ఇవే నాలుగూ, వాటితోపాటు బూడిదరంగూ ఉండేవి. కంప్యూటర్ కేబుళ్లకి ఆ రంగులు టెలిఫోన్ వాళ్ల దగ్గర నుంచే వచ్చాయి.

"రెండు తీగల్నీ ఇలా తాడు పేనినట్టు ఎందుకు మెలేశారు తాతయ్యా?" అంది.

మంచి ప్రశ్న. పక్కనే కరెంటు వైరో, మోటారో ఉందనుకో. దాని సందడి ఈ తీగల మీద పడుతుంది. మెలేసి ఉంటే ఒకసారి ఈ తీగ, ఒకసారి ఆ తీగ దానికి దగ్గరగా వస్తాయి కాబట్టి రెండింటి మీదా సందడి సమానంగా పడుతుంది. అవతలి కొసన ఉన్న యంత్రం రెండు తీగలకీ మధ్య ఉన్న తేడానే లెక్కలోకి తీసుకుంటుంది. రెండింటి మీదా సమానంగా పడింది తేడాలో కొట్టుకుపోతుంది. అసలు కబురు మిగులుతుంది. 1881లో టెలిఫోన్ కోసం గ్రాహంబెల్ పట్టిన ఉపాయం ఇది. ఇంకో చిత్రం చూడు, నాలుగు జతలకీ మెలికలు ఒకేలా ఉండవు. ఒకటి దగ్గర దగ్గరగా, ఒకటి కాస్త దూరం దూరంగా ఉంటాయి. ఒక జతలో కబురు పక్క జతలోకి దూరకుండా అలా చేస్తారు. వెనకటి ఫోన్లలో మనం మాట్లాడుతుంటే మధ్యలో ఎవరివో మాటలు వినపడేవి, గుర్తుందా పెద్దవాళ్లకి? అది అలా దూరిన కబురే.

ఇంతలో మా మనవరాలు కొసన బిళ్ల, అదే ఆర్‌జే45 కనెక్టరు, తొడగడానికి వీలుగా ఉంటుందని మెలికలు రెండంగుళాల మేర విప్పేసింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. అరంగుళానికి మించి విప్పకూడదు. రెండంగుళాలు విప్పినా టెస్టరు పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ విప్పిన చోట సందడి దూరి, పెద్ద ఫైలు పంపిన రోజున వేగం పడిపోతుంది. లోపం తీగ కొసన ఉంటే జనం సర్వర్ని తిడుతూ కూర్చుంటారు. ఈ అరంగుళం సంగతి పుస్తకంలో ఒక్క వాక్యమే. చేత్తో పది కొసలు పాడుచేసుకున్నవాళ్లకే అది ఒంటబడుతుంది.

మర్నాడు ఇద్దరం కాలేజీలు చూడ్డానికి బయల్దేరాం.

మొదటిది అద్దాల మేడ. ల్యాబ్ చూపించమంటే తాళంచెవి కోసం అరగంట వెతికారు. లోపల స్విచ్చులూ రూటర్లూ బీరువాలో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. "పిల్లలు పాడుచేస్తారండీ" అన్నారు. నాకు కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. పాడుచేసి బాగుచెయ్యడమే కదా వాళ్లు నేర్చుకోవాల్సిన చదువు!

రెండోది పాత పాలిటెక్నిక్. గోడలకి సున్నం పెచ్చులూడుతోంది. ల్యాబ్ గుమ్మంలోనే చెత్తబుట్ట నిండా కత్తిరించిన తీగ కొసలు. లోపల ఒక మేడమ్ పిల్లలు రాకముందే ఒక కంప్యూటర్లో ఏదో చెడగొట్టి, "ఇంటర్నెట్ రావట్లేదు, ఎందుకో చెప్పండి" అని వదిలేసింది. ఒక పిల్లవాడు పింగ్ కొట్టాడు. నూతిలోకి వంగి 'ఓ' అని కేకేస్తే ప్రతిధ్వని వస్తుంది చూడు, పింగ్ అలాంటిదే. అవతలి యంత్రానికి ఒక చిన్న కేక పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో లెక్కపెడుతుంది. 1983లో మైక్ మూస్ అనే అమెరికా ఇంజినీరు రాసిన ప్రోగ్రామది. జలాంతర్గాముల జాడ పట్టే సోనార్ చప్పుడు నుంచి దానికా పేరు పెట్టాడు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరం పోయి రావాలంటే సెకనులో నూరోవంతు పడుతుంది. ఆ లెక్క తెలిసినవాడికి జవాబు ఆలస్యమైతే దారిలో ఎక్కడో ఇబ్బంది ఉందని తట్టేస్తుంది.

ఆ పిల్లవాడు అంకెల చిరునామాకి పింగ్ కొడితే జవాబొచ్చింది. పేరు పెట్టి కొడితే రాలేదు. "దారి బాగానే ఉంది మేడమ్, పేర్ల పుస్తకమే దొరకట్లేదు" అన్నాడు. అంటే పేరుకి అంకెల చిరునామా చెప్పే డీఎన్ఎస్ లోపం. సరిగ్గా పట్టాడు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోవడం గుర్తుందా? మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక్క ఆజ్ఞ వాళ్ల డేటా సెంటర్ల మధ్య దారులన్నిటినీ తెంపేసింది. దాంతో పేర్ల పుస్తకం కూడా లోకానికి అందకుండా పోయింది. దారి పోయిందా, పేరు పోయిందా అని నిదానంగా విడదీసి చూడగలగడమే ఈ ఉద్యోగానికి ప్రాణం. ఆ మేడమ్ నేర్పుతున్నది అదే.

చదువు మెట్లు కూడా మా మనవరాలికి చెప్పాను. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. చాలా కంపెనీలు డిగ్రీ అడుగుతాయి కాబట్టి ఆ దారి మూసుకోవద్దన్నాను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల కోర్సులు వద్దనను గానీ, పునాది పడకముందు అక్కడికి పరుగెత్తితే డబ్బు దండగ. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. లైనక్స్‌కీ పైసా పెట్టక్కర్లేదు, ఇంట్లో మూలనపడ్డ కంప్యూటర్లో వేసుకుని ఎన్నిసార్లయినా చెడగొట్టుకోవచ్చు.

లైనక్స్ సర్టిఫికెట్లలో నాకు బాగా నచ్చింది రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే పరీక్ష కాదది. నిజమైన యంత్రం ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు. చేసిన మార్పులన్నీ యంత్రం ఆపి మళ్లీ ఆన్ చేశాక కూడా నిలిచి ఉండాలి, లేకపోతే మార్కుల్లేవు. కరెంటు పోయొచ్చిన అర్ధరాత్రి ఆసుపత్రి సర్వరు తనంతట తాను లేవాలంటే అంత గట్టి పరీక్ష ఉండాల్సిందే.

మా మనవరాలు వెబ్ ఆప్షన్లలో ఆ పెచ్చులూడిన పాలిటెక్నిక్‌నే మొదట పెట్టుకుంది. మీ పిల్లలు కూడా ఈ దారి అడిగితే, ఆప్షన్లు పెట్టేముందు ఒక్కపూట వాళ్లని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లండి. క్లాసులు నడిచే రోజున వెళ్లి ల్యాబ్ తలుపు తీయించండి. అక్కడి సీనియర్ పిల్లల్ని పిలిచి, పోయిన వారం మీ చేత్తో ఏం పాడుచేసి ఏం బాగుచేశారని అడగండి.