గుమ్మటం లేని చోట చమురు

“భూమిలో చమురు చెరువులు కట్టి ఉంటుందా? అది పైకి వచ్చేయకుండా ఏది ఆపుతోంది?” అని ఒక పాఠకుడు అడిగారు. చెరువులేమీ ఉండవు. ఇసుకరాతి రేణువుల సందుల్లో ఉంటుంది. ఇక ఆపేది ఏదన్న ప్రశ్న ఎంత రాసినా తనివి తీరనిది.

చమురు నీటికన్నా తేలిక. వాలుగా ఉన్న ఇసుకరాతి పొరలో నీటిని తోసుకుంటూ ఎగువకు పాకుతుంది. పొరలు గుమ్మటంలా ఉబ్బిన చోట నడినెత్తిన చిక్కుకుంటుంది. 1885లో భూగర్భ శాస్త్రవేత్త ఐ.సి. వైట్ ఈ సంగతి గట్టిగా చాటాక అందరూ గుమ్మటాల వేటలోనే పడ్డారు. కానీ ఇసుకపొర ఎగువకు పోనుపోను పలచబడి మాయమైనా, కోతకు గురై దానిమీద వేరే రాయి పరుచుకున్నా చమురు ఆగిపోతుంది. ఇదే స్ట్రాటిగ్రాఫిక్ ట్రాప్.

పైన మూతవేసే షేల్ రాయికి రంధ్రాలుండవని చాలామంది పొరబడతారు. ఉంటాయి, వాటినిండా నీరుంటుంది! అంత సన్నని సందులో దూరాలంటే చమురు బొట్టు సాగి సన్నబడాలి. చమురుకూ నీటికీ మధ్యనున్న తలతన్యత దాన్ని సాగనివ్వదు. గొడుగు గుడ్డకు నేత సందులున్నా వాన చుక్క కిందికి దిగనిది ఇలాగే. సందు సగమైతే అడ్డుకునే పీడనం రెట్టింపవుతుంది. కింద చమురు మందం పెరిగేకొద్దీ పైకి తోసే బలమూ పెరుగుతుంది. అది ఈ పీడనాన్ని మించిందా, చమురు చొరబడుతుంది. ఒక ట్రాప్ ఎంత చమురును నిలపగలదో కంటికి ఆనని ఆ సందులే తేలుస్తాయి!

గుమ్మటం లేని ట్రాప్‌కు పెద్ద ఉదాహరణ తూర్పు టెక్సాస్. అక్కడ గుమ్మటం లేదని పెద్ద కంపెనీల నిపుణులు పెదవి విరిచారు. డెబ్బయ్యేళ్ల కొలంబస్ జాయినర్ మాత్రం రెండు బావులు చెడినా మూడోది తవ్వించాడు. 1930 అక్టోబరులో చమురు ఎగజిమ్మింది. లాయిడ్ అనే అతను ఇచ్చిన, జాయినర్‌ను నడిపించిన పటమూ తప్పే, అందులోని గుమ్మటాలు అక్కడ లేనేలేవు! ఉన్నదల్లా సబైన్ మెరక వైపు లేచి, అరిగిపోయి, ఆస్టిన్ సుద్దరాయి కింద ముగిసిన వుడ్‌బైన్ ఇసుకరాయి. అది 500 కోట్ల పీపాలకు పైగా చమురిచ్చింది. ఇలాంటివాటిని గుమ్మటాల నుంచి వేరుచేసి వెతకాలని 1936లో భూగర్భ శాస్త్రవేత్త లెవోర్సెన్ వాదించాడు.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2002లో దొరికిన డి6 గ్యాస్ కూడా సముద్రగర్భపు వాలు మీద పూర్వపు కాలువలు పోసిన ఇసుకలోదే. త్రీడీ సీస్మిక్ సర్వేలో ప్రతిధ్వని బలంలోని తేడాయే దాని జాడ చెప్పింది.

ఇదంతా తెలుసుకుంటే ఉపయోగమేమిటంటారా? కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో దాచాలన్నా మూతరాయిలోని ఆ సన్నని సందులే దిక్కు. ఇంత జరిగినా చమురు పాఠమంటే గుమ్మటం బొమ్మే వేస్తాం. పక్కనే మొనదేలి ముగిసే ఇసుకపొర బొమ్మనూ వేయాలి. తెలియని దాన్ని ఎవరూ వెతకరని తూర్పు టెక్సాస్ ఎప్పుడో రుజువు చేసింది.