మేతబీడులో ఏం లేదంటారా? ఎంత నేల చూసి చెప్తాండారు?

మన ఊరి మేతబీడులో ఎన్ని రకాల మొక్కలుండాయని ఎవురన్నా అడిగితే ఏం చెప్తాం? "ఏముండాది సామీ, గరిక, తంగేడు, రోంత కంప" అంటాం. అదే మాట కాగితం మీదికెక్కితే ఆ నేలకి "బంజరు" అని పేరు పడతాది. బంజరని పేరు పడిన భూమిని ఇంకొకరి చేతిలో పెట్టేది సులువు. అందుకే మొక్కల లెక్క ఎట్ల కడతారో మనకి తెలిసుండాల.

పద్ధతి తేలికే. నేల మీద తాడుతో ఒక చదరం కట్టి, దాంట్లో ఎన్ని రకాలుండాయో రాసుకుంటారు. మామూలుగా గడ్డికి పక్కకి 1 మీటరు, పొదలకి 5 మీటర్లు, చెట్లకి 10 మీటర్లు లేదా ఇంకా పెద్ద చదరం పెడతారు. తిరకాసంతా ఈ కొలతలోనే ఉండాది.

ఒక బీడుని ఊహించుకోండి. 1 మీటరు చదరంలో గరిక, పల్లేరు, వెంపలి, ఈ మూడే దొరికినాయి. దాన్నే 10 మీటర్లకి పెంచితే రేగుకంప కింద నేలవేము, బండసందులో నల్లేరు, వంక గట్టున తుంగ కూడా లెక్కలోకొస్తాయి. నేల 100 రెట్లు పెరిగిందని రకాలు 100 రెట్లు కావు. మొదట గబగబా పెరుగుతాయి, పోనుపోను నిదానమైతాయి. దీన్ని 1921లోనే స్వీడన్ శాస్త్రవేత్త ఓలోఫ్ అర్హీనియస్ సూత్రంగా రాసినాడు. కాబట్టి ఒక ఊర్లో చిన్న చదరం, ఇంకో ఊర్లో పెద్ద చదరం పెట్టి "ఆ ఊరే మేలు" అంటే అది తప్పుడు తూకం.

ఇంకో చిక్కుండాది. జీవాలు మేసిన చోట గడ్డి పొట్టిగా ఉంటాది, ఎండ తగిలి చిన్న మొక్కలు సందుసందునా లేస్తాయి. చిన్న చదరంలో ఆ నేలే మేలనిపించొచ్చు. చదరం పెంచితే అవే మొక్కలు మళ్ళామళ్ళా వస్తాయి. మేత తక్కువుండే గుట్ట మీద పొదపొదకీ ఒక రకం కనపడి, లెక్క తిరగబడొచ్చు. "మేకలే పాడు చేసినాయి" అనేటోళ్ళనీ, "ఏం కాలేదు" అనేటోళ్ళనీ చదరం కొలత అడగాల్సిందే.

2019లో వచ్చిన బీడుభూముల అట్లాస్‌ని ఉపగ్రహ చిత్రాలతో చేసినారు. పొదలుండే నేలని కూడా దాంట్లో బీడు కిందే రాసినారు. ఆ చిత్రంలో ఒక చుక్కంటే పక్కకి సుమారు 23.5 మీటర్ల నేల. అంత పైనుంచి నేలవేము యాడ కనపడతాది? శేషాచలం కొండలు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయినాయి, ఆడి ఎర్రచందనం లోకమంతా తెలుసు. కొండ కింది మేతబీళ్ళని వంగి చూసేదెవురు?

మనమే చూడాల. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో కమిటీ ఉండాల, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాల. దానికి కావాల్సింది తాడు, నాలుగు గూటాలు, ఒక నోటుబుక్కు. 10 మీటర్ల చదరం లోపల 5, దాని లోపల 1 మీటరు కట్టండి. ఒకే చోట కాకుండా వంక పక్కన, బండల కాడ, మిట్టన వేరువేరుగా పెట్టండి. వానకే మొలిచి ఎండకి పోయే మొక్కలుంటాయి కాబట్టి ఈశాన్య వానలు పడినాక ఇంకోసారి చూడండి. పేర్లు చెప్పేదానికి మేకలు మేపే పెద్దాయన్ని పిలుచుకోండి. ప్రతి అంకె పక్కన చదరం కొలత, తేదీ రాయండి.

ఆ పుస్తకం ఊర్లో ఉంటే, రేపు ఎవురన్నా వచ్చి "ఈడ ఏం లేదు" అన్నప్పుడు తెరిచి ముందు పెట్టొచ్చు.